గట్టు మీద కానుగ, మడిలో వరి

మా అప్ప కూర్మమ్మ చేయి మంచిదని మా ఊళ్లో పేరు. ఉడుపులు మొదలుపెట్టే రోజున ఎవరి మడిలోనైనా తొలి పిడికిలి ఆకు ఆమె చేతే నాటించేవారు. మా వైపు అక్కను అప్ప అని, వరినారును ఆకు అని అంటారు. పొద్దు పొడవక ముందే ఎవరో ఒకరు వీధిలో నిలబడి పిలిచేవారు. ఆమె ఉతికిన చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని వెళ్లి, మడికి ఈశాన్యపు మూల దిగి, తూర్పుకు తిరిగి ఒక పిడికిలి నాటి గట్టెక్కేది. మిగతా ఆడవాళ్లు ఆ తరువాతే దిగేవారు. ఇందుకు ఆమె ఏమీ తీసుకునేది కాదు. మధ్యాహ్నం వాళ్లతోపాటు అంబలి తాగేది, అంతే.

మా ఊరు భోగాపురానికి నాలుగు మైళ్లు పడమర. మా ఊరి హయ్యర్ ఎలిమెంటరీ బడిలో నేను సైన్సూ లెక్కలూ చెబుతాను. అప్ప నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. పెళ్లయిన రెండేళ్లకు మా బావ పనికని బర్మాలోని రంగం వెళ్లాడు. ఆ తరువాత యుద్ధం వచ్చింది. ఆయన తిరిగి రాలేదు, పోయాడన్న కబురూ రాలేదు. అప్ప గాజులు తీయలేదు, ఊరూ తీయమనలేదు. పుట్టింటికి వచ్చి, తల్లి లేని నన్ను పెంచింది. మా నాన్న పోయే ముందు ముప్పాతిక ఎకరం మడి ఆమె పేర రాశాడు. ఆ మడికి పడమటి గట్టు మీద ఒక కానుగ చెట్టు ఉండేది.

చివరి ఏడాదిలో ఆమె చేతికి ఆ మంచి పేరు పోయింది. ఆ చేతిలో ఏ లోపమూ లేదని తెలిసినవాణ్ణి ఊరు మొత్తం మీద నేనొక్కణ్ణే. చెప్పలేదు. అది ఎలా జరిగిందో వరసగా రాస్తాను.

అరవై ఆరు వేసవిలో గ్రామసేవకుడు ఉమాపతి సైకిలు మీద వచ్చి కొత్త వరి విత్తనం గురించి చెప్పాడు. దానికి తైచుంగు అని ఏదో పేరు. మా ఊళ్లో నోరు తిరగక పొట్టి వరి అన్నారు. ఆయన ఒక కరపత్రం నా చేతికిచ్చి, "మాస్టారూ, నా మాటకన్నా మీరు చదివితే నమ్ముతారు" అన్నాడు. బడి అరుగు మీద నిలబడి చదివి వినిపించాను. పైరు నడుము దాటి ఎదగదు గనక గాలికి పడిపోదు. పిలకలు ఎక్కువ వేస్తుంది. సంచుల్లో వచ్చే సీమ ఎరువు వేస్తే పంట బాగా పెరుగుతుంది. మడికి ఎండ బాగా తగలాలి. అంతే ఉంది అందులో. చెట్లు కొట్టమని ఎక్కడా లేదు. ఆ మాట నేను కలిపినది.

ఆ సాయంత్రం అప్ప చోళ్లు చెరుగుతూ ఉంటే చెప్పాను. "అప్పా, మధ్యాన్నం తిరిగితే చాలు, నీ మడి సగం నీడలోనే ఉంటంది. ఆ కానుగ తీయించేద్దాం."

"ఏం, ఆ సెట్టు నిన్ను కూడెట్టమని అడిగిందేట్రా?"

"నీడ పడితే వరి ఎదగదు. కాయితంలో ఉన్నాది."

"మరి ఇన్నేళ్లూ ఎదిగిందేటి, గడ్డేటి?"

"వరి కూడా గడ్డేనప్పా."

ఆమె చేట ఆపి నవ్వింది. "సదివినోడి మాట సూడు! అయితే రేత్రికి నీ కంచంలో గడ్డెడతాన్లే, తిను."

"జాతి సంగతి చెప్తన్నాను. వరి గడ్డి జాతి. వెదురూ గడ్డి జాతే. పుస్తకంలో అలాగే రాస్తారు."

"సరే, వరి గడ్డి. కానుగేటి మరి?"

"చెట్టు" అన్నాను.

"ఓస్! అది సెట్టని మన దూడక్కూడా తెల్సు."

ఆమె మళ్లీ చేట అందుకుంది. కొంతసేపటికి నవ్వు తగ్గించి అడిగింది. "దమ్ములో ఆ మండలు తొక్కకపోతే మడికి బలం ఎలగొస్తాదిరా? మన నాన్న కాలం నుంచీ అదే తొక్కుతన్నాం." ఉడుపులకు ముందు మడిని బురద చేసే దమ్ములో కానుగ రెమ్మలు ఆకులతో సహా తొక్కడం మా వైపు అలవాటు.

"సీమ ఎరువు ఇస్తారు. దానిముందు ఈ ఆకులెంత?"

"నిజిగానేనా?"

"నిజమే."

"అయితే కొట్టించీ. నీకన్నా నాకెక్కువ తెల్సా ఏటి?"

ఆ చివరి మాటలో వెటకారం లేదు. ఉండి ఉంటే ఈరోజు నాకు కొంత తేలికగా ఉండేది.

చెట్టు కొట్టిన రోజు అది పూత మీద ఉంది. కానుగ పూలు చిన్నవి, తెలుపులో కొద్దిగా గులాబి కలిసినవి. గొడ్డలి దెబ్బ పడినప్పుడల్లా రాలేవి. అప్ప ఆ పూలన్నీ ఊడ్చి తట్టకెత్తి మడిలో చల్లింది. కొమ్మలు ఎండబెట్టి పొయ్యిలోకి వాడింది. చిన్నప్పుడు మా ఇంట్లో కిరసనాయిలు దొరకని నెలల్లో కానుగ నూనె దీపమే వెలిగేది. పొగ, ఒక రకమైన చేదు వాసన. ట్రైనింగు పరీక్షకు నేను చదువుకున్నది ఆ దీపం ముందే. చెట్టు కొట్టిస్తున్నప్పుడు ఆ సంగతి నాకు గుర్తు రాలేదు.

మొదటి ఏడు నా మాటే నిలిచింది. ఎరువు సమయానికి అందింది. తొమ్మిది బస్తాల మడి పద్నాలుగు పండింది. గడ్డి కురచగా ఉందని, ఆవుకు మేత చాలదని అప్ప సణిగింది గాని, వడ్లు చూసి ఊరుకుంది. "మేస్టరు తమ్ముడున్నాడు నీకేటి" అని ఆడవాళ్లు అనేవారు. మరుసటి ఆషాఢంలో ఆమెను పదకొండు మళ్లకు పిలిచారు. ఆ పది రోజులూ ఆమె ఇంట్లో నిలవలేదు.

అరవై ఏడులో వానలు వెనకబడ్డాయి. ఎరువు కూడా అదునులో రాలేదు. వచ్చేసరికి పైరు పొట్ట మీద ఉంది. ఊళ్లో అందరికీ పంట తగ్గింది. అప్పకు మరీ తగ్గింది. పక్క మడి తవిటమ్మది. ఆమెదీ పొట్టి వరే. కాని ఆమె గట్టు మీద రెండు కానుగలు ఉండేవి, ఎప్పటిలా మండలు కొట్టి దమ్ములో తొక్కింది. ఆ మడి ఆకుపచ్చగా ఉండగా అప్ప మడి పాలిపోయిన పసుపులో నిలబడింది. రెండు మళ్ల మధ్య ఒక్క గట్టే అడ్డం. నేను రోజూ బడికి ఆ గట్టు మీదుగానే వెళ్లేవాణ్ణి. చూశాను. పోలిక చెప్పడం నా వృత్తి. అయినా ఆ పోలిక నాకు తట్టలేదు.

నూర్పులయ్యాక అయిదు బస్తాలే వచ్చాయి. కళ్లంలో ఎవరో అన్నారు, "తన మడికే పట్టని సెయ్యి, మన మడికేటి పడతాది?" ఎవరన్నారో అప్ప నాకు చెప్పలేదు.

ఆ డిసెంబరులో ఏడో తరగతికి రెండు మొక్కల పోలిక పాఠం వచ్చింది. పుస్తకంలో చిక్కుడు, మొక్కజొన్న బొమ్మలు ఉన్నాయి. పిల్లలకు తెలిసినవి చూపిద్దామని, కోసిన మడిలోంచి ఒక వరి దుబ్బు, తవిటమ్మ గట్టు మీది చెట్టు కింద మొలిచిన ఒక కానుగ మొక్క వేళ్లతో సహా తవ్వి తెచ్చాను. బోర్డు మీద నిలువుగీత గీసి ఒక వైపు కానుగ, ఒక వైపు వరి అని రాశాను. రెండూ పూలు పూసే మొక్కలే. కానుగకు తల్లివేరు, వరికి పీచువేళ్లు. కానుగ ఆకులో ఈనెలు వలలాగా ఉంటాయి, వరి ఆకులో పక్కపక్కన సాగుతాయి. కానుగ పువ్వు రేకులతో, వాసనతో తేనెటీగను పిలుస్తుంది. వరి పువ్వుకు రేకులు లేవు. పొద్దెక్కాక కొంతసేపు విచ్చుకుని, గాలి పని గాలి చేశాక మూసుకుంటుంది. అందుకే పూత మీద ఉన్న మడిలోకి ఆ వేళ పెద్దవాళ్లు ఎవరినీ దిగనివ్వరని చెప్పాను.

మొక్కలు చేతులు మారుతూ వెనక వరసకు వెళ్లాయి. పద్మకుమారి అనే పిల్ల కానుగ మొక్కను కిటికీ వెలుగులో పెట్టి చూసి లేచింది.

"మేస్టారూ, దీని ఏళ్లకి కూడా బుడిపెలున్నాయండి. ఆయేళ సెనగమొక్కకి సూపించినారు గదండీ, అలాటివే."

తీసుకుని చూశాను. సన్నటి వేళ్లకు ఆవగింజకన్నా కొంచెం పెద్ద బుడిపెలు. నెల క్రితమే వేరుశనగ మొక్క పీకి చూపించి, ఈ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయని, ఆ మొక్క మట్టిలో కలిస్తే నేలకు బలమని చెప్పాను. పుస్తకం తెరిచాను. చిక్కుడు కుటుంబం అన్న శీర్షిక కింద కంది, పెసర, వేరుశనగ, చింత, కానుగ అని వరసగా ఉన్నాయి. పదకొండేళ్లుగా ఆ పేజీ చెబుతున్నాను. కానుగ ఏ జాతి అని అప్ప అడిగితే చెట్టు అన్నాను.

మా నాన్న కాలం నుంచీ ఆ మడికి ఎరువు గట్టు మీదే ఉంది. దాన్ని నేను కొట్టించాను.

బడిలో ఎవరైనా తప్పు రాస్తే సరైన జవాబు పదిసార్లు రాయిస్తాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు అప్పకు చెప్పాలనే అనుకున్నాను. ఆమె ఎదురొచ్చి, "మొకం అలగున్నాదేట్రా, బడిలో పిల్లలు కొట్టినారేటి?" అంది. నవ్వాను. చెబితే తిట్టేది కాదు. "సర్లే, పోన్లే" అనేది. అది నాకు తెలుసు. కాని తరువాత ఊరికి తెలుస్తుంది. అరుగు మీద నిలబడి చదివి వినిపించిన మాస్టరు తన సొంత అప్ప మడినే పాడుచేశాడని తెలుస్తుంది. వచ్చే పంట చూసి చెబుదాంలే అనుకున్నాను. ఆ వేళ దానికి నేను భయమని పేరు పెట్టుకోలేదు. తొందరపడకూడదు అని పెట్టుకున్నాను.

అరవై ఎనిమిది ఆషాఢం. తొలకరి బాగా పడింది. ఒక తెల్లవారుజామున అప్ప ఉతికిన చీర కట్టుకుని గడప దగ్గర కూర్చుంది. వీధిలో ఆడవాళ్ల మాటలు, గాజుల చప్పుడు దగ్గరికొచ్చి, మా ఇంటి ముందు కొంచెం తగ్గి, దాటిపోయాయి.

"తవిటమ్మ మడి ఉడుపులనుకుంటా ఈయాల" అంది అప్ప. గడప మీద దుమ్ము తుడుస్తూ, "మరిసిపోనాదేమో. దానికి మొదట్నుంచీ మతిమరుపే" అంది.

మూడు రోజులు అలాగే చీర మార్చుకుని కూర్చుంది. నాలుగో రోజు మామూలు చీరే కట్టుకుంది. నేను బడికి బయలుదేరుతుంటే పిలిచింది.

"ఒరే జగన్నా, ఇటు రా. నా సెయ్యి సూడు."

కుడి చేయి చాపింది. వేళ్ల సందుల్లో ఏళ్ల తరబడి బురద పట్టిన నలుపు, చూపుడువేలు పక్కన కొడవలి గాటు మచ్చ.

"దీన్లో ఏటి తగ్గిందిరా? నువ్వు సదివినోడివి, నువ్వు సెప్పు."

అంతకన్నా సూటిగా ఎవరూ అడగరు. నేను చెప్పవలసిన జవాబు ఒక్క వాక్యం. ఆమె చేతిని చూసి, "అవన్నీ మూఢనమ్మకాలప్పా, పట్టించుకోకు" అన్నాను.

ఆ మాట అబద్ధం కాదు. బడిలో పిల్లలకు కూడా అదే చెబుతాను. అందుకే దాని వెనక దాక్కోవడం నాకు సులువయింది. ఆమె చేయి వెనక్కి తీసుకుని చీర కుచ్చెళ్లకు తుడుచుకుంది, తడి ఏమీ లేకపోయినా.

"అంతేనంటావా" అంది.

శ్రావణంలో ఒకరోజు బడి నుంచి వస్తూ ఆమెను గట్టు మీద చూశాను. కానుగ కొట్టినా చావదు. మొదలు చుట్టూ చిగుళ్లు వేస్తూనే ఉంటుంది. ఆమె వంగి ఆ చిగుళ్లను ఒక్కొక్కటీ విరిచి పారేస్తోంది.

"ఏం చేస్తన్నావప్పా?"

"సూడు, మళ్లీ లెగిసిపోతన్నాది. నువ్వు నీడొద్దన్నావు గదా, మడికొచ్చినప్పుడల్లా ఇరిసేస్తన్నాను. లేపోతే ఈపాటికి మనిసెత్తు అయిపోను."

"వదిలెయ్యప్పా" అనడానికి నోరు తెరిచాను. ఎందుకు అని అడుగుతుంది. అప్పుడు మిగతాదంతా చెప్పాలి. ఆమె గోనెసంచి అందుకుని ఇంటివైపు నడిచాను. దారి పొడుగునా ఆమె ఆవు సంగతి చెబుతూ వచ్చింది.

ఆశ్వయుజంలో జ్వరం తగిలింది. మొదట మామూలు జ్వరమే అనుకున్నాం. అయిదో రోజున విజయనగరం తీసుకెళ్లి చూపించి మందులు తెచ్చాను. ఏడో రోజు కొంత తెలివిగా ఉండి, "వరి ఈనిందా?" అని అడిగింది. ఈనిందన్నాను. "రంగెలాగున్నాది?" అంది. బాగుందన్నాను. అది నిజం కాదు. ఆ పూట చెప్పడానికి చాలా సమయం ఉండింది. నిద్రపోనిద్దామనుకున్నాను. తొమ్మిదో రోజు ఉదయం పోయింది.

దహనానికి తీసుకెళ్లే వేళకు పొద్దెక్కింది. ఆమె మడి పూత మీద ఉంది. మోసేవాళ్లు ఎవరూ చెప్పకుండానే ఆ గట్టు తప్పించి, చుట్టూ తిరిగి వెళ్లారు.

ఈ ఏడు ఆషాఢంలో, తవిటమ్మ మడి ఉడుపుల రోజున నేను వాళ్లకన్నా ముందే వెళ్లి గట్టు మీద నిలబడ్డాను. పది పన్నెండు మంది ఆకు కట్టలతో వచ్చారు. నన్ను చూసి పైటలు సర్దుకున్నారు.

"ఏటి తమ్ముడూ, మేస్టర్లు కూడా ఉడుపులకొస్తన్నారా? కూలి అందరికీ ఒకటే, ముందే సెప్తన్నాను" అంది తవిటమ్మ. అందరూ నవ్వారు.

"తవిటమ్మప్పా, ఒక మాట చెప్పాలి. మీరందరూ కూడా వినండి. మా అప్ప చేతిలో ఏ తప్పూ లేదు. ఆ మడి పాడయింది నావల్ల. కానుగ కొట్టించింది నేను. ఆ ఆకే దానికి బలం. నీ మడిలో నువ్వు తొక్కావు గనక నీది పండింది. ఆమె తొక్కడానికి లేదు గనక పండలేదు. అంతే తేడా."

తవిటమ్మ నెత్తి మీది కట్ట దింపి గట్టు మీద పెట్టింది.

"ఈ సంగతి నీకెప్పుడు తెల్సింది?"

"ఏణ్ణర్థం దాటింది."

"అంటే అప్పుడు ఉన్నాది గదా ఆవిడ."

"ఉంది."

"సెప్పినావా?"

"లేదు."

ఆమె నా ముఖంలోకి చూడలేదు. మడిలో నీళ్లవైపు చూస్తూ అంది. "ఆ పొద్దు మీ ఇంటి ముందరకొచ్చీసరికి నా కాళ్లాడనేదు. గుమ్మంలో కూకున్నాది, సూసినాను. పిలవలేకపోనాను. ఊరంతా ఒకలాగ అంటంటే నానొక్కద్దాన్నీ ఎలగ పిలుస్తాను? మాకు తెల్దు తమ్ముడూ. నీకు తెల్సు."

ఆమె వంగి, గట్టు మీది కట్ట మళ్లీ ఎత్తుకుంది.

"మేం పిలవనేదు. నువ్వు సెప్పనేదు. ఇప్పుడిది ఎవులికి సెప్తన్నావు?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తప్పుకో. ఎండెక్కితే ఆకు వాడిపోతాది."

నేను పక్కకు జరిగాను. ఈశాన్యపు మూల దగ్గర వాళ్లు ఒక్క క్షణం ఆగారు. ఎవరూ ఎవరినీ ముందు దిగమనలేదు. అందరూ ఒక్కసారే దిగారు.

నేను అప్ప గట్టు మీదుగా బడివైపు నడుస్తుంటే వెనక నుంచి తవిటమ్మ కేకేసింది. "తమ్ముడూ! మీ కానుగ పిలకలు బాగా లెగిసినాయి. నాకింకో మడి దమ్ముకున్నాది. నాలుగు మండలు ఇరుసుకోనా?"

"విరుచుకో. మొదట్లోకి మాత్రం విరవకు."

"అది నువ్వు సెప్పాలేటి నాకు? మీ అప్ప నేర్పిందే."

కానుగ మొదలు దగ్గర ఆగాను. తొమ్మిది నెలలుగా విరిచేవాళ్లు లేక పిలకలు నా భుజం దాటాయి. ఆకులు నిగనిగలాడుతున్నాయి. వాటిని పక్కకు తప్పించి చూస్తే, మొదలు అంచు చుట్టూ ఎండిన చిన్న మోళ్లు కనిపించాయి. ఒక్కొక్కటి బెత్తెడు కూడా లేదు. కత్తితో కోసినట్టు నున్నగా లేవు, చివర్లు పీచులు లేచి ఉన్నాయి. అవి మా అప్ప చేత్తో విరిచిన చోట్లు. బడి గంట కొట్టేదాకా వాటి దగ్గరే కూర్చున్నాను.